బట్టల వర్తకుడు చూసిన కొత్త లోకం

హాలెండులోని డెల్ఫ్ట్ పట్టణంలో ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ (1632–1723) 1654లో బట్టల దుకాణం తెరిచాడు. ఆ రోజుల్లో వర్తకులు బట్ట నాణ్యం తెలుసుకోవడానికి నేతలోని పోగులను భూతద్దంతో లెక్కపెట్టేవారు. బహుశా ఆ అద్దమే అతనిలో ఆసక్తి రేపి ఉంటుంది. కటకాలను తానే తయారుచేసుకోసాగాడు.

అతని సూక్ష్మదర్శిని అరచేతిలో ఇమిడేది. రెండు లోహపు రేకుల మధ్య పూసంత కటకం, దాని ముందు వస్తువును నిలపడానికి ఒక సూది. అంతే! అయినా ఇప్పటికీ మిగిలివున్న ఒక పరికరం వస్తువును సుమారు 270 రెట్లు పెంచి చూపుతుంది.

మిరియానికి అంత ఘాటు ఎందుకు? ఇది తెలుసుకోవాలని 1676లో మిరియాలను నీళ్లలో నానబెట్టాడు. కొన్నాళ్లకు ఆ నీటిలో లెక్కలేనన్ని జీవులు కదులుతూ కనిపించాయి! ఆ ఏడాదే లండన్‌లోని రాయల్ సొసైటీకి జాబు రాశాడు.

ఎవరు నమ్ముతారు? అతడు విశ్వవిద్యాలయంలో చదవలేదు. పండితుల భాషయిన లాటిన్ రాదు. డచ్చి భాషలోనే రాసేవాడు. అందుకని మతగురువులతో సహా ఎనిమిదిమందికి ఆ జీవులను చూపించి, వారిచేత సాక్ష్యాలు రాయించి పంపాడు.

లండన్‌లో రాబర్ట్ హుక్ కూడా మిరియాల నీటిని పరీక్షించాడు. మొదట ఏమీ కనబడలేదు. చివరకు 1677 నవంబరులో సభ్యులు ఆ జీవులను కళ్లారా చూశారు. 1680లో సొసైటీ లీవెన్‌హుక్‌ను సభ్యునిగా ఎన్నుకుంది.

రోజూ ఉప్పుతో పళ్లు తోముకునే అతడు 1683లో తన పళ్ల పాచిలోనూ సూక్ష్మజీవులను చూసినట్లు రాశాడు. ఇలాంటి జీవులలో కొన్ని రోగాలు తెస్తాయని రుజువు కావడానికి మరో రెండు వందల ఏళ్లు పట్టింది.

చూసినవాడు పండితుడా, వర్తకుడా అని విజ్ఞానశాస్త్రం అడగదు. మరొకరు చూసినా అదే కనబడుతుందా అని అడుగుతుంది.