దూరముననున్న పట్టికయు, క్షయరోగి చికిత్సయు

మందులకు లొంగు క్షయవ్యాధికి చికిత్స సాధారణముగా 6 మాసములు సాగును. నడుమ మానినచో వ్యాధి తిరుగబెట్టవచ్చును. మందులకు లొంగని రూపమును దాల్చవచ్చును. బ్రతుకుతెరువుకై ఊళ్లు మారువారికి ఈ ప్రమాదము హెచ్చు. జంషెడ్‌పూరు కర్మాగారమున 1912లో ఉక్కు తయారగుట మొదలైనది. పనికై అచ్చటికి వెళ్లిన తెలుగు కుటుంబములు పెక్కు స్థిరపడినవి. స్వగ్రామములకు రాకపోకలును సాగుచున్నవి. అచ్చట చికిత్స పొందుచున్న కార్మికుడొకడు రెండవ మాసమున శ్రీకాకుళము జిల్లాకు వచ్చెననుకొందము. అతడు ఏ మందులు వాడెను, ఎన్నాళ్లు వాడెను, పరీక్షలలో ఏమి తేలెను అను సంగతులు ఇచ్చటి వైద్యునకు ఎట్లు తెలియవలెను?

ఇందులకై కేంద్రప్రభుత్వము 2012లో ‘నిక్షయ్’ అను వ్యవస్థను నెలకొల్పినది. చికిత్సాకేంద్రములు రోగి వివరములను దూరముననున్న సర్వరు అను కంప్యూటరులో నమోదు చేయును. ఇట్టి సర్వరులలో సమాచారము సాధారణముగా ఆసుపత్రి రిజిస్టరువలె పట్టికల రూపమున నుండును. ఒక పట్టికలో పేరు, ఊరు; వేరొకదానిలో పరీక్షాఫలితములు; మరియొకదానిలో మందుల వివరములు ఉండవచ్చును. అన్నిటియందు రోగి సంఖ్య ఒక్కటే యగుటచే అవి పరస్పరము ముడివడియుండును.

‘ఈ సంఖ్యగల రోగి వివరములు కావలెను’ అని వైద్యుడు కంప్యూటరులో అడిగినచో, ఆ ప్రశ్న సర్వరునకు చేరును. అడిగినవారికి చూచు అధికారము కలదా యని సర్వరు మొదట పరీక్షించును. పిమ్మట పట్టికలన్నిటిని పంపక, కోరిన వరుసలను మాత్రమే ఏరి పంపును. సమాచారము ఏ మూలనున్నదో అడుగువారు ఎరుగనక్కరలేదు; ఏమి కావలెనో చెప్పిన చాలును. ఈ పద్ధతికి పునాదియైన సిద్ధాంతమును ఎడ్గార్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు 1970లో ప్రకటించెను.

పేరుకంటె సంఖ్య నమ్మదగినది. తెలుగువారు ఇంటిపేరును ముందు వ్రాయుదురు. జంషెడ్‌పూరున హిందీ వాడుకనుబట్టి అది చివరకు పోవచ్చును. అక్షరమొకటి మారినను వెదకుట కష్టమగును. ఒకే పేరు గలవారు పలువురుందురు. సంఖ్య మాత్రము ఒక్కరినే సూచించును.

కావున చికిత్సలోనున్నవారు ఊరు మారుటకు ముందు తమ కేంద్రమునకు తెలిపి బదిలీని నమోదు చేయించుకొనవలెను. నిక్షయ్ సంఖ్యను వ్రాసి భద్రపరచుకొనవలెను. ప్రయాణకాలమునకు చాలినన్ని మందులు వెంట నుంచుకొనవలెను. సంఖ్య కనబడకున్నను చికిత్స మానరాదు. పాత చీట్లతో, మందుల అట్టలతో దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి వెంటనే పోవలెను. పట్టిక రోగమును కుదుర్పదు. కుదుర్చు మందు ఒక్కనాడైనను తప్పకుండుటకు తోడ్పడును.