లారీ పందేనికి పంచాంగం కావాలి

బిలాస్‌పూర్‌ను ఆనుకొని ఉన్న సిర్గిట్టి పారిశ్రామికవాడలో మిట్టమధ్యాహ్నం వేళ ఏదైనా ఒక గిడ్డంగి ముందు కాసేపు నిలబడి చూడండి. పది చక్రాల లారీ ఒకటి, ఎదురుగా మరో లారీ అడ్డంగా నిలిచి ఉండగా, ఎడమవైపు మురుగు కాలువ, కుడివైపు గోడ, వెనుక జానెడేసి సందు మాత్రమే విడిచిన ఇనుప గేటు, వీటి మధ్య నుండి వెనక్కు నడుస్తూ లోపలికి పోతుంది. క్లీనరు వెనుక నిలబడి "రానీయ్, రానీయ్... హోల్డాన్" అని కేక వేస్తాడు. డ్రైవరు రెండు అద్దాలను మార్చి మార్చి చూసుకుంటాడు. మూడు నాలుగు నిమిషాలలో పని పూర్తవుతుంది. ఎవరూ చప్పట్లు కొట్టరు.

ఆ ఊళ్ళో నేనొక యంత్ర సామగ్రి కంపెనీ వారి కరపత్రాలను ఇంగ్లీషు నుండి తెలుగు చేసే పని మీద వారం రోజులు ఉన్నాను. బిలాస్‌పూర్ ప్రాంతం తెలుగువారికి కొత్తది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి రైలు కొలువుల కోసం ఉత్తరాంధ్ర కుటుంబాలు అక్కడికి తరలివెళ్ళాయి. ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్ర కార్యాలయం 2003లో అక్కడే వెలసింది. కాబట్టి టీ దుకాణం దగ్గర తెలుగు మాట వినబడితే నేను ఆశ్చర్యపోలేదు. టెక్కలి వైపు నుండి వచ్చిన డ్రైవరు ఒకాయన, సరుకు దింపుకొనే వంతు కోసం కాచుకొని ఉన్నాడు. చేతిఫోనులో ఒక చిత్రం తీసి నాకు చూపించాడు. వలయాకారపు నల్లటి బాట మీద రంగురంగుల లారీలు ఒకదానినొకటి తరుముతున్నాయి. "ఇది ఢిల్లీ దగ్గర జరిగింది బాబూ. మన లారీ డ్రైవర్లే తోలారట. మళ్ళీ ఎప్పుడు జరుగుతుందో మీకేమైనా తెలుసునా?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి కొంత వెనక్కు పోవాలి.

2014 మార్చి 23వ తేదీన గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్‌లో టాటా మోటార్స్ సంస్థ 'టీ1 ప్రైమా' ట్రక్ రేసింగ్ పోటీని ప్రారంభించింది. 2011లో ఫార్ములా వన్ కార్ల కోసం కట్టిన బాట అది, పొడవు 5.125 కిలోమీటర్లు. మూడు సంవత్సరాలు పరుగెత్తి ఆ కార్లు వెళ్ళిపోయిన మరుసటి వసంతంలో అక్కడికి లారీలు వచ్చాయి. ఆరు జట్లు, పన్నెండు బళ్ళు. అన్నీ ఒకే సంస్థవి, ఒకే నమూనావి. అయితే స్టీరింగు పట్టినవారందరూ విదేశీయులు! వేలాది మైళ్ళ భారతీయ రహదారులను తమ భుజాల మీద మోస్తున్న వారిలో ఒక్కరు కూడా ఆ రోజు బాట మీద లేరు. పెళ్ళివారి ఇంట పెళ్ళికొడుకును బయట నిలబెట్టినట్లుంది ఆ సంగతి.

రెండవ సంవత్సరం వేగ పరిమితిని పెంచారు. మూడవ సంవత్సరం, అనగా 2016లో, అసలైన మార్పు జరిగింది. వృత్తిరీత్యా లారీలు తోలే భారతీయ డ్రైవర్లను దేశం నలుమూలల నుండి ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి, వారికోసం ప్రత్యేకంగా ఒక పందెం పెట్టారు. నలభై టన్నుల బరువుతో కనుమదారి దిగడం తెలిసినవారికి, బరువు లేని బండిని మలుపులో నిలబెట్టడం వేరే విద్య. ఆ విద్యను వారు కొన్ని వారాల్లో పట్టుకొన్నారు. 2017లో నాలుగవ పోటీ జరిగింది. వెయ్యి అశ్వశక్తికి పైబడిన బండిని కూడా అప్పుడు ప్రదర్శించారు. ఆ వరుసలో చివరి పోటీ అదే.

ఎందుకు ఆగిపోయిందో సంస్థ లెక్కలు సంస్థకు ఉంటాయి. నేను చెప్పదలచినది వేరు. ఆ పోటీకి డబ్బు లేకపోలేదు, యంత్రాలు లేకపోలేదు, బాట లేకపోలేదు. లేనివి రెండు: ఒక పంచాంగం, ఒక నిబంధనల గ్రంథం. ఏడాదికి ఒక్క ఆదివారం జరిగేదాన్ని 'ఛాంపియన్‌షిప్' అని పిలవడం మర్యాద కావచ్చునేమో గాని, నిజం కాదు. తిరునాళ్ళు ఒక్కరోజు జరిగినా చాలును. ఆటకు చాలదు. పోయిన వారం ఓడినవాడు వచ్చే వారం పగ తీర్చుకొనే అవకాశం ఉంటేనే ప్రేక్షకుడు మళ్ళీ వస్తాడు.

ఇక్కడ అనువాదకుడిగా చిన్న హెచ్చరిక చేయాలి. 'ట్రక్కు' అనే మాట దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో 1995లో నాస్కార్ సంస్థ ఆరంభించిన ట్రక్ సిరీస్‌లో పరుగెత్తేవి మన లారీలు కావు. పికప్ అనబడే చిన్న సరుకు బళ్ళ ఆకారం గలవి. అయినా వారి అనుభవం మనకు పనికివస్తుంది. వారు తొలి ఏడాదే ఇరవై పందేలు పెట్టారు. చిన్న జట్లకు పందెం మధ్యలో బండి ఆపి చకచకా టైర్లు మార్చే సిబ్బందిని పోషించే స్తోమత లేదని గ్రహించి, సినిమాలో మాదిరిగా ఇంటర్వెల్ ఇచ్చారు! ఆ విరామంలో అందరూ తీరికగా బళ్ళు సవరించుకొనేవారు. కొన్నేళ్ళకు జట్లు బలపడ్డాయి, విరామం తీసివేశారు. 2013 జూలైలో ఒహాయో రాష్ట్రంలోని ఎల్డోరా అనే మట్టిబాట మీదకు ఈ బళ్ళను తీసుకుపోయారు. 1970 తరువాత నాస్కార్ జాతీయ స్థాయి పందెం మట్టి మీద జరగడం అదే మొదలు. పెద్ద కార్ల పందేలకు తోకగా తిరిగే పోటీకి, తనదంటూ ఒక రోజు, తనదంటూ ఒక ఊరు దొరికింది.

నిజమైన లారీల పందెం చూడాలంటే ఐరోపాకు పోవాలి. అక్కడ 1980 దశకం నడుమ మొదలైన ఈ ఆటకు 2006 నుండి అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య వారి ఛాంపియన్‌షిప్ హోదా ఉంది. ఆ బళ్ళు ఐదు టన్నులకు పైబడిన బరువు, వెయ్యికి మించిన అశ్వశక్తి గలవి. అటువంటి బండి ఎంత వేగంగా పోగలదని అడిగితే, ఎంతయినా పోగలదు. కాని 160 కిలోమీటర్లకు మించి పోరాదు. అది నిబంధన. మొదట వినగానే ఆటను చంపే నియమంలా తోస్తుంది. ఆలోచించి చూస్తే ఆటను బ్రతికించినది అదే. తిన్నని దారిలో అందరి వేగమూ ఒక్కటే కాబట్టి, ముందుకు పోవాలంటే మలుపులోనే పోవాలి. అనగా ఇంజను కాదు, మనిషి గెలవాలి. బ్రేకులు మండిపోకుండా వాటి మీద నీళ్ళు చిమ్మే ఏర్పాటు ఉంటుంది. అందుకోసం ఒక్కొక్క బండి దాదాపు 200 లీటర్ల నీటిని మోస్తుంది. కనుమదారి దిగిన తరువాత చక్రాల మీద బకెట్టుతో నీళ్ళు కుమ్మరించే మన డ్రైవర్లకు ఈ రహస్యం ఎవరూ చెప్పనక్కరలేదు.

నల్లటి పొగ కక్కిన బండికి శిక్ష పడుతుంది. 2021 నుండి అక్కడ పునరుత్పాదక డీజిలు తప్ప వేరేది పోయరు. వారాంతంలో నాలుగు పందేలు: శనివారం రెండు, ఆదివారం రెండు. మొదటి పందెంలో తొలి ఎనిమిది స్థానాలలో వచ్చినవారు రెండవ పందెంలో తలక్రిందులుగా బయలుదేరాలి. గెలిచినవాడు ఎనిమిదవ వాడుగా నిలబడితే, ఎనిమిదవ వాడు అందరికంటె ముందు నిలబడతాడు. ఉదయం రాజు, సాయంత్రం బంటు. చిన్న జట్లకు వేరే కప్పు కూడా ఉంది. అయినప్పటికీ 2011 నుండి 2024 వరకు జరిగిన పోటీలలో దాదాపు అన్ని బిరుదులూ ఇద్దరే పంచుకొన్నారు: జర్మనీకి చెందిన యోఖెన్ హాన్ ఆరు, హంగేరీకి చెందిన నోర్బర్ట్ కిస్ ఆరు. కాబట్టి నిబంధనలు మార్చగానే సమానత్వం ఊడిపడుతుందని నేను అనను. కాని ప్రతి వారాంతంలోనూ కనీసం రెండు పందేలలో ముందేమి జరుగుతుందో ఎవరికీ తెలియకుండా ఉంచగలిగారు. అది తక్కువ ఘనత కాదు.

ఇంతదూరం పోవలసిన పని లేదని పల్నాటి పాఠకుడు అనవచ్చును. మన బండలాగుడు పోటీలను చూడండి. ఒంగోలు గిత్తలకు పళ్ళను బట్టి తరగతులున్నాయి: పాలపళ్ళవి వేరు, రెండు పళ్ళవి వేరు, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి వేరు. లేత గిత్తను ముదురు ఎద్దుతో ఎవరూ కట్టరు. నిర్ణీత సమయంలో బండను ఎన్ని అడుగులు లాగినదీ టేపు పెట్టి కొలుస్తారు. వాదులాటకు తావు లేదు. ఇక పంచాంగమా? సంక్రాంతి, శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి. ఒక ఊరి తిరునాళ్ళ నుండి మరో ఊరి తిరునాళ్ళకు గిత్తలను లారీలలో ఎక్కించుకొని పోతారు. పొలంలో పనులు వదిలిన కాలమది. ఎద్దుకూ తీరికే, రైతుకూ తీరికే.

లారీ పందెం వారు ఈ చివరి సంగతినే మరచిపోయారు. నాలుగు పోటీలూ మార్చి నెలలోనే జరిగాయి. మార్చి అంటే ఆర్థిక సంవత్సరం ముగిసే నెల. ప్రతి కర్మాగారమూ ఉన్న సరుకంతా ముప్పై ఒకటో తేదీలోగా గేటు దాటించాలని తొందరపడే నెల. లారీకి క్షణం తీరిక ఉండదు, యజమాని డ్రైవరుకు సెలవివ్వడు. ఎవరి గౌరవార్థం పందెం జరుగుతున్నదో వారు టీవీలో చూడడానికి కూడా వీలులేని రోజులవి. పైగా పిల్లల పరీక్షలు. దీపావళి సరుకు రవాణా ముగిసిన తరువాత కొంత మందకొడి కాలం వస్తుంది. నవంబరు నుండి సంక్రాంతి దాకా మూడు నాలుగు పోటీలు పెట్టవచ్చును. ఉత్తరాదిన డిసెంబరు, జనవరి ఉదయాలలో పొగమంచు ఉంటుంది కనుక నోయిడాతో మొదలుపెట్టి, తరువాత దక్షిణాదికి, మద్రాసు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై బాట మీదకు రావాలి. 1990 నుండి అక్కడ కార్లు, మోటారు సైకిళ్ళు పరుగెత్తుతున్నాయి. బరువైన బళ్ళకు బాటను కొంత సవరించవలసి ఉంటుంది.

నగర వీధులలో పెడితే జనం వస్తారు కదా అని కొందరంటారు. హైదరాబాదు అనుభవం గుర్తుంచుకోవాలి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరాన ఫార్ములా ఈ పందెం వైభవంగా జరిగింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 10న జరగవలసినది, ప్రభుత్వం మారిన తరువాత నెల రోజుల ముందు రద్దయింది. ఒక్క సంతకం మీద ఆధారపడిన పంచాంగం పంచాంగం కాదు.

నిబంధనల విషయంలో నా కోరికలు కొద్దివే. ఒకటి, బరిలో అన్ని కంపెనీల బళ్ళూ ఉండాలి. ఒకే సంస్థ బళ్ళు పరుగెత్తినంత కాలం గెలిచినదెవరైనా ప్రకటన ఒక్కటే. తొలి ఏడాదులలో ఖర్చు తగ్గించడానికి అది సబబే, శాశ్వతంగా కాదు. రెండు, భారతీయ డ్రైవర్ల పందెం ముందు వడ్డించే ఉప్పు పచ్చడి కారాదు, అసలు భోజనం కావాలి. మూడు, ఎంపిక ఎక్కడో కార్యాలయంలో జరగరాదు. విజయవాడ ఆటోనగర్‌లోనూ, నామక్కల్‌లోనూ, రాయ్‌పూర్‌లోనూ, సిర్గిట్టిలోనూ ప్రాథమిక పోటీలు జరగాలి. వాటిలో వేగం వద్దు. బండిని సందులోకి వెనక్కు నడపడం, నీళ్ళు నిండిన డ్రమ్ములు తొణకకుండా మలుపు తిప్పడం, కొలిచి పోసిన డీజిలుతో ఎక్కువ దూరం పోవడం, ఇవి చాలు. సాయంత్రానికి ఊరంతా చూడటానికి వస్తుంది. టిక్కెట్టు పెట్టనక్కరలేదు.

ఇదంతా వినోదం కోసమేనా అని అడగవచ్చును. కాదు. ఈ దేశంలో లారీలు పెరుగుతున్నాయి, వాటిని తోలడానికి కుర్రవాళ్ళు రావడం లేదు. తండ్రి డ్రైవరైతే కొడుకును ఆ సీటులో కూర్చోనివ్వడం లేదు. కారణం అందరికీ తెలిసినదే. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని అని విధించింది. రహదారి మీద ఆ లెక్క ఎవరు చూశారు? లారీ క్యాబినులో ఏసీ తప్పనిసరి అనే నిబంధన 2025లో కొత్త మధ్యతరహా, భారీ సరుకు బళ్ళకు వర్తించింది. పందెపు బాట మీద డ్రైవరుకు అగ్ని తగలని దుస్తులు, శిరస్త్రాణం, పట్టీల సీటు, పక్కనే వైద్యుడు ఉంటారు. అదే మనిషి మర్నాడు రహదారి ఎక్కితే తడిపిన తువ్వాలు ఒక్కటే తోడు. ఈ రెండు దృశ్యాలూ ఒకే నెలలో, ఒకే ఊళ్ళో పదిమంది కంట పడితే, రెండవదాని గురించి ప్రశ్నలు వస్తాయి. ఏడాదికి ఒక్కసారి ఢిల్లీ శివార్లలో కనబడితే రావు.

టెక్కలి డ్రైవరుకు నేను ఇంత ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ పోటీలు ఆగిపోయాయని మాత్రం చెప్పాను. ఆయన ఫోను జేబులో పెట్టుకొని, "మళ్ళీ పెడితే మార్చిలో మాత్రం పెట్టవద్దని చెప్పండి బాబూ. సంక్రాంతికైతే నేను ఇంటి దగ్గరే ఉంటాను" అన్నాడు. ఆ తరువాత వంతు ఎంతవరకు వచ్చిందో చూసి వస్తానని లేచి వెళ్ళాడు. ఆయన సరుకు దిగేసరికి మూడవ రోజు సాయంత్రమైంది.