ముడి విడని పాటలు: ఎలక్ట్రో సంకలనాల ఆకర్షణ

పాటలను విడివిడిగా వినడం వేరు. ఒకదానితో ఒకటి ముడివడినప్పుడు వినడం వేరు. కవ్వాలీ మహఫిల్‌లో కూర్చున్న వారికి ఈ భేదం అనుభవంలోనిదే. గాయకుడు పాట నడుమ మరొక కవి షేర్‌ను తెచ్చి, లయ చెడకుండా పొందించి, మరల మొదటి పాటను అందుకుంటాడు. దీనిని ఉర్దూలో ‘గిరహ్ లగానా’ అంటారు. గిరహ్ అంటే ముడి. ఆ ముడి కుదిరిన క్షణాన సభ యావత్తూ ‘వాహ్వా’ అంటుంది. ఇటువంటి విద్యనే గ్రామఫోను రికార్డులతో సాధించిన ఒక సంగీత శాఖ పాశ్చాత్య దేశాలలో కలదు. అదే ఎలక్ట్రో హిప్‌హాప్. ఆ పాటలను ఎడతెగకుండా కూర్చిన సంకలనాలు వెలువడి నలభై ఏండ్లు గడిచాయి. అయినా వాటిని వెదకి వినేవారు నేటికీ ఉన్నారు. ఇందుకు కారణమేమిటో పరిశీలిద్దాము.

హిప్‌హాప్‌కు పుట్టినిల్లు న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతం. 1973 ఆగస్టు 11న అక్కడ జమైకాలో జన్మించిన కూల్ హెర్క్ రికార్డులు వినిపించిన వేడుకను దాని జన్మదినంగా భావిస్తారు. పాటలో గానం ఆగి వాద్యలయ మాత్రమే మిగిలే చోట యువకులు ఉత్సాహంగా నర్తించడం ఆయన గమనించాడు. ఆ భాగం కొద్ది క్షణాలలో ముగుస్తుంది. అందుచేత ఒకే రికార్డు ప్రతులు రెండింటిని పక్కపక్కన తిప్పి, ఒకదానిలో ఆ భాగం ముగియగానే రెండవదానిలో అందుకొని, దానిని కోరినంతసేపు సాగదీశాడు. రెండు రికార్డులకు ముడివేయడమనే విద్యకు ఈ రంగంలో ఇది పునాది.

ఎలక్ట్రో అనే శాఖ 1980ల ఆరంభంలో రూపొందింది. 1982లో ఆఫ్రికా బంబాటా, సోల్‌సోనిక్ ఫోర్స్ బృందం వెలువరించిన ‘ప్లానెట్ రాక్’ దీనికి మార్గదర్శకం. దాని నిర్మాత ఆర్థర్ బేకర్. జర్మనీకి చెందిన క్రాఫ్ట్‌వెర్క్ బృందపు యంత్రసంగీతం, బ్రాంక్స్ వీధుల నృత్యలయ, జపానులో తయారైన రోలాండ్ టి.ఆర్-808 అనే తాళయంత్రం: ఈ మూడూ అందులో సంగమించాయి. 1980లో విపణికి వచ్చిన ఆ యంత్రం అసలు మృదంగ ధ్వనులను అనుకరించలేదని ఆనాడు విమర్శ వచ్చింది. సుమారు 12,000 యంత్రాలు తయారైన పిమ్మట 1983లో దాని ఉత్పత్తి నిలిచిపోయింది. ధనవంతులు కాదన్న ఆ యంత్రం చౌకగా లభించి, పేద కళాకారుల చేతిలో కొత్త నాదమైంది. ఏది లోపమన్నారో అదే దాని గుణమైంది.

ఈ పాటలు సంకలనాలకు ఇంతగా అమరడానికి శాస్త్రీయమైన కారణమొకటి ఉన్నది. మనిషి వాయించే తాళం ఎంత నిలకడగా సాగినా కొంచెం ముందువెనుకలౌతుంది. యంత్రతాళం మొదటినుండి చివరివరకు ఒకే వేగంతో నడుస్తుంది. కనుక రెండు పాటల వేగం ఒకసారి కలిపితే చాలు, అవి చాలాసేపు జంటగా సాగుతాయి. ఒక పాటలో నిమిషానికి 120 దెబ్బలు, మరొక పాటలో 124 దెబ్బలు ఉన్నాయనుకుందాము. రెండవ రికార్డు తిరిగే వేగాన్ని నూటికి సుమారు 3 వంతులు తగ్గిస్తే రెండూ సమానమౌతాయి. అప్పుడు శ్రుతి కూడా కొద్దిగా దిగుతుంది. కాని రాగం కంటె లయకే ప్రాధాన్యమున్న పాటలలో ఆ దిగుదల చెవికి అంతగా తట్టదు. పిమ్మట నాలుగు దెబ్బల ఆవర్తనం ఆరంభమయ్యే చోటును చూసి రెండవ పాటను ప్రవేశపెట్టాలి. ఆ చోటును ఎన్నుకోవడంలోనే కూర్పరి రసజ్ఞత తెలుస్తుంది.

ఈ కూర్పులకు మిక్కిలి ప్రసిద్ధి తెచ్చినది లండన్‌లో మోర్గన్ ఖాన్ స్థాపించిన ‘స్ట్రీట్ సౌండ్స్’ సంస్థ. దాని ‘ఎలక్ట్రో’ శ్రేణి మొదటి సంపుటం 1983లో వెలువడింది; ఆ దశకం ముగిసేలోగా సంపుటాల సంఖ్య 20 దాటింది. తొలి సంపుటాలలోని పాటలకు ముడివేసినవాడు మాస్టర్‌మైండ్ బృందానికి చెందిన హెర్బీ లెయిడ్లీ. అది బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటిన కాలం. అమెరికా నుండి దిగుమతియైన 12 అంగుళాల రికార్డు కొనడం శ్రామిక కుటుంబాల పిల్లలకు భారం. అటువంటి రికార్డుకు చెల్లించే సొమ్ముతో ఏడెనిమిది పాటల సంపుటం చేతికి వచ్చింది. దానిని క్యాసెట్టులో నింపుకొని, వీధిలో లినోలియం పరచి, నల్లవారు, తెల్లవారు, మన ఉపఖండపు సంతతివారు కలిసి నర్తించారు. ఈ శ్రేణిలో చేరిన పాటలలో హాషిమ్ అనే పేరుతో న్యూయార్క్ యువకుడు 1983లో వెలువరించిన ‘అల్-నాఫీష్’ ఒకటి. ‘ఆత్మ’ అని దాని ఉపశీర్షిక. అరబ్బీ ‘నఫ్స్’ శబ్దం ఎరిగిన మన ఉర్దూ విద్యార్థులకు ఆ పేరు కొత్తగా తోచదు.

మా బాల్యంలో బ్రాడ్‌ఫోర్డ్ నుండి వచ్చిన మా మామూ మాకు ఇటువంటి క్యాసెట్టు నొకదానిని ఇచ్చారు. దానిపై ఆయన ఉర్దూ లిపిలో ‘ఎలక్ట్రో’ అని వ్రాసుకున్నారు. పాటల పేర్లు మాకు తెలియవు. వరుస మాత్రం కంఠస్థమైంది. చాలా ఏండ్ల తరువాత అందులోని పాట నొకదానిని విడిగా విన్నాము. అది ముగుస్తుండగా తరువాతి పాట వచ్చే చోట మా చేయి తనంతట తాను తాళం వేసింది. ఆ పాట రాలేదు. మెట్టు ఉన్నదనుకొని అడుగు వేసి తూలినట్లయింది. ఈ సంకలనాల ఆకర్షణ ఏమిటో మాకు అప్పుడు బోధపడింది. వాటిలో పాటలతోపాటు పాటల నడుమ సంధి కూడా ఒక రచన. సంధి జరిగిన పదాన్ని మరల విడదీస్తే అక్షరాలు దొరుకుతాయి గాని ఆ నడక దొరకదు.

ఇందులో విచారింపదగిన విషయమొకటి ఉన్నది. విడి పాటలు నేడు సులభంగానే లభిస్తాయి. ఒక సంపుటంలోని ఏడెనిమిది పాటలకు అంతమంది హక్కుదారులు ఉండవచ్చును. వారందరి అనుమతి మరల పొందితే తప్ప పాత కూర్పును ధర్మబద్ధంగా తిరిగి వెలువరించడం సాధ్యం కాదు. అందుచేత పూసలు నిలుస్తాయి, దారం జారిపోతుంది. పాట రచించినవారి పేరు నిలిచినట్లు కూర్చినవారి పేరు నిలవదు.

ఈ నష్టం విదేశాలకే పరిమితమైనది కాదు. మన ఇండ్లలోని బీరువాలలోనూ ఉర్సులలో, పెండ్లిళ్లలో రికార్డు చేసిన పాత కవ్వాలీ టేపులు ఉన్నాయి. వాటిలో ఏ గజల్ నడుమ ఏ షేర్ గిరహ్‌గా పడినదో ఏ పుస్తకంలోనూ ఉండదు. టేపు చెడిపోక మునుపే పెద్దలను పక్కన కూర్చుండబెట్టుకొని, విని, ఆ వరుసను వ్రాసి ఉంచవలసిందిగా విద్యార్థులను కోరుతున్నాము. అటువంటి వ్రాతలను భద్రపరచడానికి కళాశాల గ్రంథాలయంలో ఒక అర కేటాయించవలసిందిగా కమిటీ పెద్దలకు మా మనవి. మన పత్రిక కూడా ఒక సంకలనమే. కుడివైపు నుండి ఉర్దూ, ఎడమవైపు నుండి తెలుగు నడచివచ్చి మధ్యలో కలుసుకుంటాయి. ముడి విలువ మనకు వేరుగా ఎవరూ చెప్పనక్కరలేదు.