తూకం అంటే ఏ తూకం?

తాండూరు మార్కెట్ యార్డుకి సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం అనుకోండి. రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్‌లో ‘కందుల తూకం నమోదు చేయాలి’ అని ఉంది. చదివితే తప్పేం కనబడదు. కానీ ఆ తూకం సంచితో కలిపా, సంచి తీసేసా? రైతు డబ్బు ఆ ఒక్క మాట మీదే ఉంది.

1976లో ఐబీఎంలో పనిచేసే మైకేల్ ఫాగన్ డిజైన్, కోడ్ తనిఖీకి ఒక పద్ధతి రాశాడు: అందరూ ముందే చదివి రావాలి; మీటింగ్‌లో తప్పులు పట్టాలే గానీ అక్కడే దిద్దకూడదు. తర్వాత రిక్వైర్‌మెంట్స్‌కీ అదే వాడారు. ముగ్గురున్న టీమ్‌కి అంత తంతు కుదరదు కాబట్టి, నాకు నచ్చిన మార్పు ఇది: చదివే ఒక్కొక్కరికీ ఒక్కో ప్రశ్న ఇవ్వాలి. టెస్టర్‌కి ‘దీన్ని ఎలా పరీక్షిస్తా?’, కోడ్ రాసేవాళ్లకి ‘కిలోలా, క్వింటాళ్లా?’, యార్డు గుమస్తాకి ‘తరుగు ఎక్కడ రాయాలి?’

ఆ మూడో ప్రశ్న వికారాబాద్‌లో కూర్చుంటే మనకి తట్టదు. తాండూరు బస్సెక్కాల్సిందే.