అన్నీ రాశాడు... ఆ ఒక్క కాగితం తప్ప!

సైట్లో హాయిస్టు ఆగిపోయిన రోజున మేమంతా మెట్లెక్కే పైకి వెళ్లాలి. నాలుగో అంతస్తు దాటేసరికి కుర్రాళ్లకే ఆయాసం వస్తుంది. నలభై దాటిన మేస్త్రీలు మలుపు దగ్గర కూలబడి నీళ్లడుగుతారు. అలాంటి ఒక రోజు సాయంత్రం, షార్జాలోని మా క్యాంపు గదిలో స్టీగ్ లార్సన్ మాట వచ్చింది. ఆయన కూడా లిఫ్టు పనిచేయక ఏడంతస్తుల మెట్లెక్కి, పైన ఆఫీసులో గుండెపోటుతో కుప్పకూలిన మనిషే.

ఎవరీ లార్సన్ అంటారా? స్వీడన్ దేశపు జర్నలిస్టు. మూడు నవలలు రాశాడు. అవి ప్రపంచమంతా కోట్ల కాపీలు అమ్ముడయ్యాయి. ఒక్కటి కూడా అచ్చులో ఆయన కళ్లతో చూసుకోలేదు.

ఒక ఇంజనీరుగారు ఊరెళ్లిపోతూ వదిలేసిన పుస్తకాల్లో ఆయన మొదటి నవల మాకు దొరికింది. మాది డిప్లొమా ఇంగ్లీషు. రోజుకు పది పేజీలే. ఒకరు చదివి చెబుతుంటే మిగతా ముగ్గురం విన్నాం. నవల అయ్యాక రచయిత గురించి వెతికి చదివాం. నిజం చెప్పాలంటే నవల కన్నా ఆ మనిషి కథే మమ్మల్ని ఎక్కువ పట్టుకుంది.

అమ్మమ్మ ఇంట్లో బాల్యం

లార్సన్ 1954 ఆగస్టు 15న ఉత్తర స్వీడన్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు పని కోసం రాజధాని స్టాక్‌హోమ్ వెళ్తూ పసివాణ్ణి అమ్మమ్మ, తాతయ్యల దగ్గర వదిలారు. తొమ్మిదేళ్లు వచ్చేదాకా పల్లెటూరిలోనే, వాళ్ల చేతుల మీదే పెరిగాడు. ఇది చదివినప్పుడు మా గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మన పిల్లలు ఎవరి దగ్గర పెరుగుతున్నారో మనకు తెలుసు కదా!

తాతయ్యకు హిట్లర్ భావాలంటే పడదు. మనవడికి అదే ఒంటబట్టింది. కుర్రవాడికి పన్నెండేళ్లకే ఇంట్లోవాళ్లు టైపు మిషను కొనిచ్చారు. 1972లో ఉమెయో పట్టణంలో, వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా జరిగిన సభలో ఎవా గాబ్రియెల్సన్ అనే అమ్మాయి పరిచయమైంది. తర్వాత ఆమె ఆర్కిటెక్టు అయింది. అప్పటినుంచి ఆయన చనిపోయేదాకా, అంటే 32 ఏళ్లు, ఇద్దరూ ఒకరికొకరుగా బతికారు. పెళ్లి మాత్రం చేసుకోలేదు.

పగలు ఉద్యోగం... రాత్రి పోరాటం

స్వీడన్ వార్తా సంస్థ టీటీలో లార్సన్ దాదాపు ఇరవై ఏళ్లు పనిచేశాడు. వార్తలకు మ్యాపులు, బొమ్మలు తయారుచేసే ఉద్యోగం. అది పొట్టకూటికి. మనసంతా మరో పని మీద ఉండేది. వలస వచ్చినవాళ్లను కొట్టి తరిమేయాలనే నాజీ ముఠాలు ఎక్కడెక్కడున్నాయి, వాటికి డబ్బెక్కడిది, వెనక ఎవరున్నారు... ఇవన్నీ కూపీ లాగి కాగితం మీద పెట్టేవాడు. 1991లో మరో జర్నలిస్టుతో కలిసి ఈ ముఠాల మీద పుస్తకం తెచ్చాడు. 1995లో మిత్రులతో కలిసి 'ఎక్స్‌పో' అనే సంస్థ, పత్రిక పెట్టాడు.

పరాయి దేశంలో బతికే మనలాంటి వాళ్లకు ఆ పని విలువ వేరే చెప్పక్కర్లేదు. తెల్లవాడై ఉండి, సొంత దేశంలో సుఖంగా ఉద్యోగం చేసుకుంటూ ఉండి, వలసవాళ్ల పక్షాన నిలబడ్డాడు.

దానికి వెల ఉంది. 1996లో ఎక్స్‌పో అచ్చువేసే ప్రెస్సు మీద దాడి జరిగింది. 1999 అక్టోబరులో బ్యోర్న్ సోదర్‌బెరి అనే యూనియన్ కార్మికుణ్ణి ఇంటి గుమ్మంలోనే కాల్చి చంపారు. చేసిన తప్పల్లా, తన పనిచోట యూనియన్ కమిటీలో ఒక నాజీ ఉన్నాడని బయటపెట్టడమే. ఆ మరుసటి ఏడాది, బెదిరింపులు ఎదుర్కొనే జర్నలిస్టులు ప్రాణాలు ఎలా కాపాడుకోవాలో చెబుతూ లార్సన్ ఒక చేతిపుస్తకం రాశాడు. ఆయనకూ బెదిరింపులు వచ్చేవి. పెళ్లి రిజిస్టరయితే చిరునామా అందరికీ తెలిసిపోతుందనే భయంతోనే పెళ్లి వాయిదా వేసుకున్నామని ఎవా తర్వాత చెప్పింది.

రాత్రిళ్లు పుట్టిన నవలలు

ఈ పనులన్నీ అయ్యాక రాత్రిళ్లు కూర్చుని నవలలు రాశాడు. మూడూ కలిపి 'మిలీనియం' నవలలంటారు. మొదటిదాని స్వీడిష్ పేరుకు అర్థం 'ఆడవాళ్లను ద్వేషించే మగవాళ్లు'. ఇంగ్లీషులో 'ద గర్ల్ విత్ ద డ్రాగన్ టాటూ' అని పేరు మార్చారు. అందులో మికాయెల్ అనే జర్నలిస్టు, లిస్బెత్ సలాండర్ అనే కంప్యూటర్ల ఘటికురాలు కలిసి, ఒక పెద్ద పారిశ్రామిక కుటుంబంలో కనిపించకుండాపోయిన అమ్మాయి గురించి ఆరా తీస్తారు. తవ్వేకొద్దీ ఆడవాళ్ల మీద జరిగిన ఘోరాలు బయటపడతాయి. కొన్ని పేజీలు చదవడానికి గుండె దిటవు కావాలి.

లిస్బెత్ తన సొంత బతుకును తను నడుపుకోలేదని సర్కారు కాగితాల్లో రాసుంటుంది. అందుకని ఆమె డబ్బు మీద పెత్తనం ఒక సంరక్షకుడిది. వాడు దాన్ని ఆయుధంగా వాడుకుంటాడు. మన బతుకు తాళం వేరొకడి సొరుగులో ఉంటే ఎలా ఉంటుందో, పాస్‌పోర్టు ఇంకొకరి చేతిలో పెట్టి పనిచేసినవాళ్లకు బాగా తెలుసు.

2004 నవంబరు 9న స్టాక్‌హోమ్‌లోని ఎక్స్‌పో ఆఫీసుకు వెళ్లాడు. లిఫ్టు లేదు. ఏడంతస్తులు ఎక్కాడు. సిగరెట్లు తెగ కాల్చేవాడు, నిద్ర తక్కువ. వయసు 50. ఆ రోజే పోయాడు. నాజీల తుపాకీ నుంచి తప్పించుకున్నవాణ్ణి మెట్లు తీసుకుపోయాయి. నవలలు 2005, 2006, 2007లో వరుసగా వచ్చాయి. సినిమాలూ వచ్చాయి.

సాక్షుల్లేని వీలునామా

అసలు కథ ఇక్కడుంది. ఆ కోట్ల సొమ్ము ఎవరికి? 32 ఏళ్లు కలిసి బతికిన ఎవాకు కాదు. స్వీడన్ చట్టం ప్రకారం, పెళ్లి లేకుండా కలిసున్నవాళ్లకు వీలునామా లేకపోతే వారసత్వం రాదు. ఆస్తి, పుస్తకాల హక్కులు తండ్రికి, తమ్ముడికి వెళ్లాయి. వాళ్లు చట్టం ఇచ్చిందే తీసుకున్నారు. 2009లో ఎవాకు 2 కోట్ల క్రోనర్లు ఇస్తామన్నారు గానీ రాజీ కుదరలేదు. 2015లో డేవిడ్ లాగర్‌క్రాన్స్ అనే మరో రచయిత చేత నాలుగో నవల రాయించారు. ఎవా వద్దంది. ఆమె మాట చెల్లలేదు.

వీలునామా లేకపోలేదు. 1977లో, యుద్ధం జరుగుతున్న ఎరిత్రియాకు బయల్దేరే ముందు లార్సన్ ఒకటి రాశాడు. తనకున్నది ఉమెయోలోని ఒక కమ్యూనిస్టు సంఘానికి ఇవ్వమని. సాక్షి సంతకాలు లేవు కాబట్టి అదీ చెల్లలేదు. అప్పటికి 23 ఏళ్లయినా నిండలేదు. ఆ తర్వాత మళ్లీ రాయలేదు.

"గిదేందన్నా! గంత రాసినోడు రెండు సాక్షి సంతకాలు పెట్టియ్యలేకపోయిండా?" అన్నాడు మా గదిలోని కరీంనగర్ తమ్ముడు. అందరం నవ్వాం. నవ్వాక ఎవరి పెట్టెలు వాళ్లం తీశాం.

ఒకాయన బ్యాంకు ఖాతాలో నామినీగా ఇంకా నాన్న పేరే ఉంది. ఆ నాన్న పోయి ఆరేళ్లయింది. ఇంకొకాయనకు పెళ్లయి పదేళ్లు. సర్టిఫికెట్ లేదు, పెళ్లి ఫొటోలే ఉన్నాయి. ఊళ్లో ఇల్లు కట్టింది ఒకరి డబ్బుతో, పట్టా ఉన్నది మరొకరి పేరు మీద. నలుగురిలో ఒక్కరికీ వీలునామా లేదు.

మన దేశంలో వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్ల కాగితం చాలు. రాసినవాడి సంతకం, ఆ సంతకానికి ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. ఆస్తి పొందేవాళ్లను సాక్షులుగా పెట్టకూడదు. ఊరెళ్లినప్పుడు వకీలుకు చూపించి రిజిస్టరు చేయిస్తే ఇంకా మంచిది. నామినీ ఉంటే చాలనుకోవద్దు. నామినీ డబ్బు అందుకునేవాడే గానీ అది అతని సొంతమైపోదు.

వచ్చిన సెలవు రోజున మేం నలుగురం కూర్చుని రాసుకున్నాం. ఒకరి కాగితానికి ఇంకొకరం సాక్షులం. నామినీ మార్చడానికి ఆ అన్న బ్యాంకుకు ఫోన్ చేశాడు. భార్య పేరు పూర్తిగా చెప్పమంటే, ఇన్నేళ్లలో మొదటిసారి ఇంటిపేరుతో సహా అక్షరం అక్షరం చెప్పాడు.