తుపాను వేళ ఇంటికి విద్యుత్తు: ఇన్వర్టర్ జనరేటర్ కొనుగోలు, వినియోగంలో పాటించవలసిన జాగ్రత్తలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటిన పిదప వేలాది విద్యుత్ స్తంభాలు నేలకూలి, నగరంలోని పలు ప్రాంతాలు రోజుల తరబడి అంధకారంలో ఉండిపోయిన సంగతి విదితమే. అపార్టుమెంట్లలో పై ట్యాంకులకు నీరు ఎక్కించుటకు, సెల్‌ఫోన్లు చార్జింగ్ చేసుకొనుటకు ప్రజలు అద్దె జనరేటర్లను ఆశ్రయించవలసి వచ్చినది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని అతలాకుతలం చేసినపుడు సైతం పల్లెలు చీకటిలో మగ్గినవి. ఈ దృష్ట్యా స్వంతంగా చిన్న జనరేటరు సమకూర్చుకొనదలచిన వారు కొన్ని విషయాలను ముందుగా తెలుసుకొనుట అవసరం.

మన ఇళ్లలో ఇన్వర్టర్ అనగానే బ్యాటరీతో పనిచేసే పెట్టె గుర్తుకు వస్తుంది. అది కరెంటు ఉన్నపుడు నింపుకొన్న విద్యుత్తును కొన్ని గంటలు మాత్రమే ఇవ్వగలదు. ఇన్వర్టర్ జనరేటర్ వేరు. ఇందులో పెట్రోలు ఇంజను ఉంటుంది. ఇంజను తిప్పే ఆల్టర్నేటరు ఉత్పత్తి చేసిన విద్యుత్తును మొదట డి.సి.గా మార్చి, ఆపై ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ద్వారా స్థిరమైన 230 వోల్టుల, 50 హెర్ట్జుల ఎ.సి.గా అందించుట దీని ప్రత్యేకత. పాత తరహా జనరేటర్లలో సాధారణంగా ఒక్క బల్బు వెలిగించినా ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగి తీరవలసినదే. ఇన్వర్టర్ రకంలో లోడు తక్కువైతే ఇంజను వేగమూ తగ్గుతుంది. అందువలన పెట్రోలు ఆదా అవుతుంది, శబ్దం తగ్గుతుంది, కంప్యూటర్లు, టీవీల వంటి సున్నితమైన పరికరాలకు హాని ఉండదు. ధర మాత్రం ఎక్కువే.

ఎంత సామర్థ్యం కావాలన్నది ఇంటి అవసరాన్ని బట్టి లెక్క వేసుకొనవలెను. రెండు సీలింగ్ ఫ్యాన్లకు 150 వాట్లు, ఐదు ఎల్.ఇ.డి. బల్బులకు 45, టీవీకి సుమారు 100, ఫోన్ చార్జర్లకు 40 వేసుకొన్నా మొత్తం 350 వాట్లు దాటదు. దీనికి 1 కె.వి.ఎ. యంత్రం చాలును. ఫ్రిజ్ నడుస్తున్నపుడు తక్కువ విద్యుత్తే తీసుకొన్నా, కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో అనేక రెట్లు లాగుతుంది; కనుక ఇన్సులిన్ భద్రపరచుకొనవలసిన కుటుంబాలు 2 కె.వి.ఎ. యంత్రాన్ని ఎంచుకొనుట మంచిది. ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్‌పై ఆధారపడిన రోగి ఉన్నచో ఆ యంత్రం వాట్లను ముందుగా లెక్కలోనికి తీసుకొనవలెను. బోరు మోటార్లు, లిఫ్టులు ఈ చిన్న యంత్రాలతో నడుస్తాయని ఆశించరాదు.

ఇక అన్నింటికన్నా ముఖ్యమైన విషయం పొగ. ఇంజను విడుదల చేసే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో అది ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా కలిసిపోతుంది. తలనొప్పి, వికారం, మగతతో మొదలై స్పృహ తప్పుతుంది. నిద్రలో ఉన్నవారు మేలుకొనే అవకాశమే ఉండదు. వాన కురుస్తున్నదని యంత్రాన్ని బాల్కనీలోనో, మెట్ల క్రిందనో, సెల్లార్‌లోనో పెట్టుట ప్రాణాంతకం. కిటికీలు తెరచినంత మాత్రాన ప్రమాదం తొలగదు. తలుపులు, కిటికీలకు కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయట, పొగ ఇంటివైపు రాకుండా, నాలుగు వైపులా గాలి ఆడే రేకు నీడలో మాత్రమే నడపవలెను.

రెండు కొసలా పిన్నులున్న వైరుతో జనరేటరును గోడ సాకెట్‌కు కలిపే అలవాటు కొందరిలో కానవస్తున్నది. ఇది మిక్కిలి ప్రమాదకరం. ఆ విద్యుత్తు మీటరు దాటి ట్రాన్స్‌ఫార్మర్‌ను చేరి, అక్కడ వేల వోల్టులుగా పెరిగి, కరెంటు లేదన్న నమ్మకంతో స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం తీయగలదు. పరికరాలను నేరుగా జనరేటరుకే కలుపుకొనవలెను. లేదా లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత ఛేంజోవర్ స్విచ్ అమర్చుకొనవలెను.

2 కె.వి.ఎ. యంత్రం పావు వంతు లోడుపై గంటకు సుమారు అర లీటరు, పూర్తి లోడుపై లీటరుకు పైగా పెట్రోలు త్రాగుతుంది. తుపాను మరునాడు బంకులు తెరచి ఉంటాయన్న హామీ లేదు. అట్లని ఇంట్లో డ్రమ్ములు నింపుకొనుట తగదు. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా స్వంత అవసరానికి 30 లీటర్ల వరకే ఉంచుకొనవచ్చును. అదియు 25 లీటర్లకు మించని, బిగుతైన మూత గల లోహపు డబ్బాలలో. ఇంజను వేడిగా ఉండగా ట్యాంకు నింపరాదు.

కార్తీక వనభోజనాలకు, అరకు విహారాలకు ఈ యంత్రాలను వెంట తీసుకువెళ్లువారు ఎండుగడ్డికి దూరంగా చదునైన నేలపై ఉంచవలెను. శబ్దం తక్కువన్న మాట నిజమే గాని, రాత్రివేళ ప్రక్క గుడారం వారికి అది తక్కువగా తోచకపోవచ్చును. నివాస ప్రాంతాలలో రాత్రి 10 నుండి ఉదయం 6 గంటల వరకు శబ్ద పరిమితి 45 డెసిబెళ్లేనని గుర్తుంచుకొనవలెను.

కొన్న యంత్రాన్ని మూలన పడవేసినచో అవసరానికి స్టార్టు కాదు. ఇప్పుడు లభించే పెట్రోలులో ఇథనాల్ కలసి ఉండుట వలన అది తేమను పీల్చుకొని నిల్వలో త్వరగా చెడుతుంది. నెలకొకసారి కొద్దిసేపు లోడుతో నడపవలెను, లేదా ట్యాంకు, కార్బొరేటరు ఖాళీ చేసి ఉంచవలెను. ఇంజను ఆయిల్‌ను యంత్రంతో వచ్చే పుస్తకంలో సూచించిన గంటల ప్రకారం మార్చవలెను. కోస్తా జిల్లాల వారు ఈ పరీక్షను సెప్టెంబరులోనే, అక్టోబరు, నవంబరు తుపానులకు ముందుగా ముగించుకొనుట శ్రేయస్కరం.