బొటనవేలి మల్లవిద్య

రోల్ ప్లేయింగ్ గేమ్‌లో, అంటే కథలోని ఒక పాత్రను ఆటగాడు తనదిగా చేసుకుని నడిపించే వీడియో ఆటలో, నేర్పంతా పాత్రదే గాని ఆటగాడి చేతిది కాదన్న సూత్రం చాలాకాలం చెల్లింది. తెరమీది పట్టికలో ఒక ఆజ్ఞను ఎంచుకుంటే, దెబ్బ ఎంత బలంగా తగలాలో లోపలి అంకెలే లెక్కగట్టేవి. జపాన్‌లోని స్క్వేర్ సంస్థ 1987లో విడుదల చేసిన మొదటి ‘ఫైనల్ ఫాంటసీ’లో వట్టి చేతులతో పోరాడే యోధుడు ఉన్నా, అతని విద్య కూడా అంకెల్లోనే ఉండిపోయింది. 1994 ఏప్రిల్‌లో సూపర్ ఫామికామ్ యంత్రం కోసం వచ్చిన ఆరవ ఆటలో, సేబిన్ అనే మల్లయోధుడికి దక్కిన ‘బ్లిట్జ్’ ఆ సూత్రాన్ని కదిలించింది. జపనీయ మూలంలో ఆ పాత్ర పేరు మాష్, ఆజ్ఞ పేరు ‘హిస్సాత్సు వాజా’, అనగా తగిలితే ప్రాణం తీసి తీరే విద్య.

ఈ ఆజ్ఞకు పూర్వరూపం ఇద్దరు యోధులు ముఖాముఖి తలపడే పోరాట ఆటల్లో కనిపిస్తుంది. క్యాప్‌కామ్ సంస్థ 1987లో తెచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్’లో, యంత్రానికి బిగించిన కర్రను (జాయ్‌స్టిక్‌ను) కిందికి, ఏటవాలుగా, ముందుకు వరుసగా తిప్పి గుద్దు బటన్ నొక్కితే యోధుడి అరచేతుల్లోంచి ‘హదోకెన్’ అనే శక్తిపిండం వెలువడేది. 1991 నాటి రెండవ ‘స్ట్రీట్ ఫైటర్’ ఈ పావువృత్తపు కదలికకు విశేష ప్రచారం తెచ్చింది, మరుసటి ఏడాది అది సూపర్ ఫామికామ్‌పైకీ వచ్చింది.

ఇంట్లో ఆడే యంత్రానికి కర్ర బదులు కూడిక గుర్తు ఆకారంలో ఒక మీట ఉంటుంది. నింటెండోలో గున్‌పే యోకోయి రూపొందించగా 1982లో వెలుగు చూసిన ఈ మీట కింద నాలుగు దిక్కులకు నాలుగు స్పర్శబిందువులే ఉంటాయి. ఏటవాలు దిక్కుకు వేరే బిందువు లేదు, పక్కపక్కనున్న రెండూ ఒకేసారి అదిమినప్పుడు పుట్టేదే ఏటవాలు. అందువల్ల కిందినుంచి ఎడమకు బొటనవేలిని ఎత్తకుండా దొర్లిస్తే మధ్యలోని ఏటవాలు దానంతటదే నమోదవుతుంది. సేబిన్ చేతుల నుంచి కాంతిపుంజం వెడలే ‘ఆరా బోల్ట్’కు కావలసింది సరిగ్గా ఇదే: కిందికి, ఎడమ ఏటవాలుకు, ఎడమకు. ఫైనల్ ఫాంటసీ పోరులో నాయక బృందం సాధారణంగా తెరకు కుడివైపు నిలిచి ఎడమకు చూస్తుంది గనుక, ఇది ఆ వైపుకు తిరిగిన హదోకెనే.

ఆటగాడు బ్లిట్జ్‌ను ఎంచుకున్నాక నొక్కిన ప్రతి బటన్‌నూ యంత్రం వరుసగా గుర్తుంచుకుని, చివర నిర్ధారణ బటన్ పడగానే తనవద్ద ఉన్న నమూనాలతో పోల్చుతుంది. పొసగితే దెబ్బ పడుతుంది, పొసగకపోతే ఆ వంతు వ్యర్థమవుతుంది. పాత్ర తగిన స్థాయికి ఎదగనిదే సరైన వరుస కూడా ఫలించదు. అంటే విద్య పాత్రకూ రావాలి, చేతికీ రావాలి. మొత్తం ఎనిమిది విద్యలలో రెండు సహచరులకు స్వస్థత చేకూర్చేవి. ప్రత్యర్థిని పైకెత్తి నేలకు విసిరే ‘సుప్లెక్స్’ అనే కుస్తీ పట్టు కథలో శత్రువుగా ఎదురయ్యే దెయ్యపు రైలుపై కూడా పనిచేయడం అభిమానులకు నేటికీ ఇష్టమైన దృశ్యం.

అయితే ఈ ఆవిష్కరణలోని అసలు గొప్పతనం దాన్ని కథలో పొదిగిన తీరులో ఉంది. గురువు డంకన్‌ను అతని కొడుకు వర్గాస్ చంపాడని నమ్మిన సేబిన్ కొండపై అతనితో తలపడినప్పుడు, పోరు ముగియాలంటే ఎడమ, కుడి, ఎడమ అన్న ‘పమ్మెల్’ను ఆటగాడు తన చేత్తో సాధించవలసిందే. పాఠం, పరీక్ష, పగ మూడూ ఒకే క్షణంలో కలిసే అంత చక్కని కూర్పు ఆ కాలపు ఆటల్లో అరుదు. కథలో ప్రపంచం శిథిలమైన తరువాత, బతికే ఉన్న గురువును వెతికి చేరితే చివరి విద్య ‘బమ్ రష్’ దక్కుతుంది. ఎడమ నుంచి బయలుదేరి నిండు వృత్తం చుట్టి మళ్లీ ఎడమకే చేరడం దాని వరుస.

ఈ విద్య బటన్లతో ఎంతగా పెనవేసుకుందో 2006లో ఆట గేమ్ బాయ్ అడ్వాన్స్‌కు మారినప్పుడు తేలింది: ఆ చిన్న యంత్రానికి ఎక్స్, వై బటన్లు లేనందున, వాటిని వాడే వరుసలను మార్చి రాయవలసి వచ్చింది. 1999 నాటి ఎనిమిదవ ఆటలో ఇదే మార్గాన నడిచిన జెల్ అనే యోధుడికి గడియారం కూడా తోడైంది. గడువు తీరేలోగా వేళ్లు ఎన్ని వరుసలు పూర్తిచేస్తే శత్రువుకు అన్ని దెబ్బలు.